నీడలో నిలబడిన మనిషి

మామిడి కాపు చివరికి వచ్చే రోజుల్లో విస్సన్నపేట చుట్టుపక్కల తోటల్లో నీడ చల్లగానే ఉంటుంది గాని, ఆ నీడకు చేరేదాకా ఎండ మనిషిని వదలదు. తోటలు కౌలుకు తీసుకుని కాపు అమ్ముకునే మా మిత్రుడొకరు ఇరవై ఏళ్ళుగా ఆ ఎండలోనే బతుకుతున్నారు. ఆయనను మేమంతా ‘తోట భాయి’ అని పిలుస్తాం.

మేము పదకొండు మందిమి. కొందరం విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు ప్రాంతాల వాళ్ళం. కొందరు హైదరాబాదులో, ఇద్దరు గల్ఫు దేశాల్లో స్థిరపడ్డారు. ఫోనే మమ్మల్ని కలిపింది. మాలో సగం మందికి మిగతా సగం మంది ముఖాలు ఫోటోల్లోనే తెలుసు. ధర్మవిషయాలు ముచ్చటించుకోవడానికే ఒక్కటయ్యామని చెప్పుకునేవాళ్ళం, ముచ్చటించుకున్నాం కూడా. కాని వాటి మధ్య పరిహాసమే ఎక్కువగా ఉండేది. ఒకరి బట్టతల, ఒకరి బొజ్జ, మరొకరి గోరింటాకు పెట్టిన గడ్డం - ఏదీ మా చేతుల్లో మిగల్లేదు. ఎవరికీ కోపం రాలేదు గనుక ఎవరికీ నొప్పి కలగలేదనే అనుకున్నాం.

ఒకనాడు తోట భాయి చెట్టు కింద నిలబడి తీయించుకున్న ఫోటో పంపారు. ముఖం సరిగా కనబడలేదు. “భాయి నీడలో నిలబడ్డారా, నీడే నిలబడిందా?” అని ఒకరు రాశారు. అందరం నవ్వాం. ఆయన కూడా ఒక నవ్వు బొమ్మ పంపారు. ఆ తర్వాత ఆ మాటే ఆయనకు బిరుదైంది.

ఆ రోజుల్లోనే అసలు వాదం మొదలైంది. మాలో ఒకరు తమ తల్లిగారిని కసుమూరు దర్గాకు తీసుకువెళ్తున్నట్లు తెలిపారు. కసుమూరు, గుంటూరు మస్తాన్‌ల పేరిట మన ప్రాంతంలో ముస్లిములే కాదు, హిందువులు కూడా బిడ్డలకు పేర్లు పెట్టుకోవడం తెలిసిన విషయమే. గల్ఫు మిత్రుడు వెంటనే ఇది బిద్అత్ అన్నారు. అంతటితో ఆగక తసవ్వుఫ్ మొత్తం బయటినుంచి వచ్చిన సరుకేనన్నారు. మాలో పెద్దవారైన మాస్టారు ఒప్పుకోలేదు. దర్గా వేరు, తసవ్వుఫ్ వేరు అన్నారు. హదీసె జిబ్రీల్‌లో ఇస్లాం, ఈమాన్‌ల తర్వాత వచ్చే ‘ఇహ్సాన్’ ఏమిటని అడిగారు. అల్లాహ్‌ను చూస్తున్నట్లుగా ఆరాధించడం నేర్చుకోవాలంటే హృదయాన్ని శుద్ధి చేసుకోవద్దా? బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో గొప్ప పదవిని 1095లో విడిచి వెళ్ళిన ఇమామ్ గజాలీ (రహ్మ) వెతికింది దీనినే కదా? మన తెలుగు నేలలో పిఠాపురం వాసి ఉమర్ అలీషా (1885-1945) పీఠాధిపతిగా, కవిగా, కేంద్ర శాసనసభ సభ్యునిగా కూడా ఉన్నారు కదా?

వాదం వారం రోజులు నడిచింది. ఉమర్ అలీషా గారి మార్గంలో ఇస్లాం ఎంత, వేదాంతం ఎంత అన్నదానిపైనే రెండు రాత్రులు పోయాయి. ఇబ్న్ అరబీ (మరణం 1240) పేరిట ప్రచారమైన ‘వహ్‌దతుల్ ఉజూద్’కు బదులుగా షేఖ్ అహ్మద్ సర్‌హిందీ (మరణం 1624) ‘వహ్‌దతుష్ షుహూద్’ను ముందుకు తెచ్చిన సంగతి మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. సూఫీలలోని తప్పుడు ఆచారాలను తీవ్రంగా ఖండించిన ఇమామ్ ఇబ్న్ తైమియా (రహ్మ) కూడా షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మ) గారి ‘ఫుతూహుల్ గైబ్’లోని కొన్ని వచనాలకు వ్యాఖ్య రాశారని తెలిసేసరికి గల్ఫు మిత్రుడు ఒక పూట మౌనం వహించారు. సమాధి ముందు సాగిలపడటం, అల్లాహ్‌ను అడగవలసింది మృతులను అడగటం తౌహీదుకు విరుద్ధమన్న మాటపై చివరికి మాలో భేదం మిగల్లేదు. ఆత్మశుద్ధికి వేరే పేరెందుకన్న ఒక్క ప్రశ్నే మిగిలింది.

ఆధారాలు తరిగినకొద్దీ వాదంలోకి రూపాలు వచ్చాయి. గుల్బర్గాలోని ఖాజా బందానవాజ్ (మరణం 1422) గారి బిరుదు ‘గేసుదరాజ్’కు పొడవాటి కేశాలు గలవాడని అర్థమని మాస్టారు చెబితే, “అయితే మాకు ఆ దారి మూసుకుపోయినట్టే” అని బట్టతల మిత్రుడు తన మీద తానే వేసుకున్నారు. అది ముచ్చటగానే ఉంది. ‘సూఫ్’ అంటే ఉన్ని, ఉన్ని వస్త్రాలు ధరించినందువల్లే సూఫీలన్న పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారని మాస్టారు వివరించినప్పుడు మాత్రం మాలో ఒకరు, “తోట భాయికి నల్ల కంబళి కూడా అవసరం లేదు, పుట్టుకతోనే సూఫీ” అని రాశారు.

మళ్ళీ నవ్వాం.

ఆ రాత్రి తోట భాయి ఒక్క ప్రశ్న పంపారు. “మాస్టారూ, గజాలీ గారు నవ్వులాట గురించి ఏమైనా రాశారా?” మరునాటికి ఆయన మా బృందం నుంచి వెళ్ళిపోయారు.

మాస్టారు ‘ఇహ్యా’ తెరిచారు. నలభై భాగాల ఆ మహాగ్రంథంలో ఇరవై నాలుగవది పూర్తిగా నాలుక వల్ల కలిగే ఆపదల గురించే. అందులో హాస్యానికి ఒక చోటు, ఎగతాళికి మరో చోటు ఉన్నాయి. ఎదుటివారి లోపాలను నవ్వు పుట్టేలా ఎత్తిచూపడమే ఎగతాళి అని, మాటతోనే కాదు, సైగతో చేసినా అది ఎగతాళేనని ఇమామ్ గారి వివరణ. ‘హుజురాత్’ సూరా 11వ ఆయతు మాకు కంఠస్థమే. వారం రోజులుగా మేము తసవ్వుఫ్ గురించి ఆ గ్రంథం పేరెత్తుతూనే ఉన్నాం.

తరువాతి జుమా నాడు నమాజు ముగించుకుని దగ్గర్లో ఉన్న నలుగురం తోట భాయి ఇంటికి వెళ్ళాం. ఆయన మాపై ఒక్క నింద వేయలేదు. నూలు మంచం వాల్చి కూర్చోబెట్టారు. చాలాసేపటికి నెమ్మదిగా చెప్పారు: “నా రంగుకు నేనూ నవ్వాను మాస్టారూ. అందులో అబద్ధం లేదు. ఆ ఫోను మా అమ్మాయి చేతిలో ఉంటుంది. మీరు రాసినవి నాకు చదివి వినిపించేది తనే. నాకు చిన్న అక్షరాలు కనబడవు.”

అంతకు పది రోజుల ముందే ఒక సంబంధం వారు వచ్చి వెళ్ళారట. పిల్ల తండ్రి పోలికని కబురు చేశారట. అంతకుమించి ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

మా దగ్గర క్షమాపణకు తగిన మాటలు లేవు. మాస్టారే గొంతు సవరించుకుని జాహిర్ (రజి) వృత్తాంతం చెప్పారు. ఎడారి నుంచి వచ్చి మదీనా బజారులో సరుకు అమ్ముకునే ఆయన అందగాడు కాదు. ఒకనాడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వెనుక నుంచి వచ్చి ఆయనను కౌగిలించుకున్నారు. ఎవరో తెలియగానే జాహిర్ తన వీపును ప్రవక్త ఎదకు మరింతగా ఆనించారు. ఈ దాసుణ్ణి కొనేవారెవరని ప్రవక్త పరిహాసమాడితే, తనకు వెల పలకదని జాహిర్ బదులిచ్చారు. అల్లాహ్ దృష్టిలో నీవు వెల తక్కువవాడివి కావని ప్రవక్త సెలవిచ్చారు. అక్కడా పరిహాసం ఉంది. కాని కౌగిలింత ముందు వచ్చింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సన్నని పిక్కలను చూసి నవ్విన సహచరులకు, ఆ కాళ్ళు త్రాసులో ఉహుద్ కొండకన్నా బరువైనవని ప్రవక్త చెప్పిన సంగతిని కూడా మాస్టారు గుర్తుచేసుకోబోయారు గాని, మధ్యలో ఆగిపోయారు. తలుపు దగ్గర అమ్మాయి నిలబడి వింటోంది.

ఆమె పళ్ళెంలో రసాలు తెచ్చి మా ముందు పెట్టింది. మాలో కంబళి మాట రాసిన ఆయన తలెత్తలేకపోయారు. “బేటీ, ఆ మాట రాసింది నేనే” అన్నారు.

ఆ అమ్మాయి ఆయనను కాసేపు చూసింది. “తెలుసు చాచా, పేరు చూశాను” అంది. తర్వాత పళ్ళెం ఆయన వైపు జరిపి, “ఇంత ఎండలో ఎందుకొచ్చారు? నల్లబడిపోతారు” అంది.

నవ్వాలో వద్దో మాకు తెలియలేదు. తోట భాయే ముందు నవ్వారు.