నూజివీడు అమ్మాయి, బొమ్మిడి అమ్మాయి

ఏలూరుకు పడమటి వైపు నూజివీడు, తూర్పు వైపు తాడేపల్లిగూడెం. ఒకటి మామిడి తోటలకు పేరుపడింది, ఇంకొకటి ఉల్లిపాయల మార్కెట్టుకు. ఆడవాళ్ళు ఏం చదవాలి, చదివి ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకు అర్ధశతాబ్దం పాటు జవాబులు రాసిన ఇద్దరు పుస్తకాల పురుగులు ఈ రెండు వైపుల నుంచే వచ్చారు. మాలతీ చందూర్ నూజివీడులో పుట్టి ఏలూరులో హైస్కూలు చదువుకున్నారు. రంగనాయకమ్మ 1939లో గూడెం దగ్గర బొమ్మిడిలో పుట్టారు.

పెద్ద చదువులు ఇద్దరికీ దక్కలేదు. మాలతి పెళ్ళయి 1947లో మద్రాసు వెళ్ళిపోయారు. రంగనాయకమ్మ 1955లో తాడేపల్లిగూడెంలో స్కూలు ఫైనలు పాసయ్యారు, ఆపైన చదివించే స్తోమత ఇంట్లోవాళ్ళకు లేకపోయింది. తర్వాత చదివిందంతా ఇంటి పని చేసుకుంటూ సొంతంగా చదివిందే.

మాలతి 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక మొదలుపెట్టి 2000 దాకా నడిపారు. వంట, ఆరోగ్యం, అత్తాకోడళ్ళ తగవులు, చట్టం, విదేశాల సంగతులు, పాఠకులు ఉత్తరాల్లో ఏది అడిగినా కనుక్కుని మరీ చెప్పేవారు. ఊళ్ళో లైబ్రరీ ఉన్నా ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళి కూర్చునే రోజులు కావవి. వారపత్రిక మాత్రం ఇంటికే వచ్చేది. వంటిల్లు సర్దుకున్నాక దొరికే ఆ కాస్త మధ్యాహ్నంలో ఎంతోమందికి లోకం ఆ పేజీలోంచే తెలిసింది. స్వాతి మాసపత్రికలో ‘పాత కెరటాలు’ పేరుతో వందలాది ఇంగ్లీషు నవలలను పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని ఇల్లాలు కూడా ఆ నవలల్లోని మనుషుల గురించి పక్కింటావిడతో మాట్లాడగలిగింది.

‘హృదయనేత్రి’కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది కాబట్టి ఆ నవలనే ఆమె అసలు రచనగా ఎంచి, ‘ప్రమదావనా’న్నీ ‘వంటలు–పిండివంటలు’ పుస్తకాన్నీ పక్కన పెట్టడం విమర్శకులకు అలవాటు. అది అన్యాయం. స్వాతంత్ర్యోద్యమాన్నీ, ఆ తర్వాతి రాజకీయాలనూ ఒక కుటుంబం బతుకులోంచి చూపించిన నవల అది. ఇళ్ళ లోపల ఏం జరుగుతోందో ఏళ్ళ తరబడి ఉత్తరాల్లో చదివిన మనిషి కాబట్టే అలా రాయగలిగారు.

రంగనాయకమ్మ దారి వేరు. ఆమె ఓదార్చరు, నిలదీస్తారు. ‘బలిపీఠం’ నవలకు 1965లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1975లో దాసరి నారాయణరావు దాన్ని సినిమాగా తీశారు. ఆ పేరుతోనే ఆగిపోయి ఉంటే ఆమె జనం మెచ్చిన నవలా రచయిత్రుల్లో ఒకరిగా మిగిలేవారు. ఆగలేదు. నచ్చని పెళ్ళిలోంచి 1970లో బయటికి వచ్చారు. 1974–76 మధ్య ‘రామాయణ విషవృక్షం’ మూడు సంపుటాలు తెచ్చారు. ‘జానకి విముక్తి’లో ఒక మామూలు కోడలిని గడప దాటించారు. ఆ తర్వాత మార్క్స్ ‘కాపిటల్’ను తెలుగులో పరిచయం చేసే పనికి పూనుకున్నారు.

ఆ ‘కాపిటల్’కూ ఆమె ‘స్వీట్ హోమ్’ నవలలో విమలా బుచ్చిబాబుల కాపురానికీ సంబంధం ఉంది. భర్తతో విమల పడే వాదం ఎవరి పని ఎవరు చేస్తున్నారన్న దగ్గరికే వస్తుంది, మార్క్స్ అడిగిందీ శ్రమ ఎవరిది, ఫలితం ఎవరిది అనే. ఇంటిపని, బయటిపని అనే విభజన మీద ఆమె ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జనం రోజు ఎలా గడుపుతున్నారో సర్వే చేస్తే, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్ళీ అడిగారు: 289, 88. అయిదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్ళకూ తొమ్మిది తగ్గాయి!

వర్గాన్ని పక్కన పెట్టి స్త్రీ సమస్యను చూడటం రంగనాయకమ్మ ఒప్పుకోరు. ఓల్గా వంటి స్త్రీవాదుల దారి అది కాదు. రంగనాయకమ్మ రామాయణాన్ని ఘట్టం ఘట్టంగా విప్పి తప్పుపడితే, ఓల్గా ‘విముక్త’ కథల్లో సీతను శూర్పణఖతో, అహల్యతో, రేణుకతో, ఊర్మిళతో మాట్లాడించారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రెండూ చదివిన అమ్మాయికి ఎవరు చెప్పింది నిజమన్న చికాకు పుడితే మంచిదే, సొంతంగా ఆలోచించే పని అక్కడ మొదలవుతుంది.

పుస్తకం రాజకీయం కాదనేవారు 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తుచేసుకోవాలి. అక్షరదీపం అనే వయోజన విద్య తరగతుల్లో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠం చదివిన కూలి స్త్రీలు సారా దుకాణాలు మూయించారు. ఆ పోరాటం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది.

కృష్ణా–గోదావరి డెల్టాలో చదువుకున్న ఇళ్ళలో కూడా కదలనిది మరొకటి ఉంది, భూమి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. ఇరవై ఏళ్ళు ముందున్నాం, సంతోషమే. కానీ పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదమ్మా అని నాన్న, నాకెందుకులే అని కూతురు, సంతకం పెట్టించుకున్న అన్నయ్య, ఈ ముగ్గురూ ఇప్పటికీ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయం ఉన్నంత కాలం చట్టం తెలిసినా ఆ సంతకం పడుతూనే ఉంటుంది.

భూమి లాగే నీటి విషయంలోనూ ఆడవాళ్ళ మాట వినపడదు. ఏలూరు పక్కనున్న కొల్లేరు సరస్సు సంగతే చూడండి. 1999లో అయిదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, లోపలి 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కాంటూరు మూడుకు తగ్గించాలా, అయిదు దగ్గరే ఉంచాలా అన్న వాదన ఎన్నికలొచ్చినప్పుడల్లా లేస్తుంది. అందులో వినిపించే గొంతులు చెరువుల యజమానులవి, నాయకులవి, అధికారులవి, పక్షి ప్రేమికులవి. ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నినప్పుడు తాగే నీటికోసం తిప్పలు పడే లంక గ్రామాల ఆడవాళ్ళ గొంతు తక్కువ.

అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ అనే మంచి నవల రాశారు. ఆయన ఓల్గా జీవిత సహచరుడు. వసంత్ కన్నబిరాన్ ఆ నవలను ‘సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు, 2020లో అచ్చయింది. సరస్సు పోతే ఊరి ఉమ్మడి బతుకు ఎలా పోతుందో అందులో ఉంది. అది ఊళ్ళో పెరిగిన మగపిల్లవాడి జ్ఞాపకాల్లోంచి వచ్చిన కొల్లేరు. ఎన్ని బిందెలు ఎంత దూరం మోశారు, చెరువు కౌలుకిచ్చిన డబ్బు ఇంట్లో ఎవరి చేతికి వచ్చింది, గట్లు తెగిన ఏడాది ఏ ఇంటి అమ్మాయి చదువు మానింది అన్న లెక్కలు తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. లంకల నుంచి పొద్దున్నే బస్సెక్కి కైకలూరు, ఏలూరు కాలేజీలకు వచ్చే అమ్మాయిలు అమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర కూర్చుని ఆ లెక్కలు అడిగి రాయాలి. అడిగితే చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు.