అష్టమ శ్రుతి: మన మందిరపు బేస్ గిటార్ గురించి



ఈ రెండు వారాల్లో చాలామంది ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "అయ్యగారూ, షాపులో 14,000 రూపాయలకు కొత్త బేస్ గిటార్ దొరుకుతుంటే, మన ఊరి వడ్లాయనతో 30,000 పైన పెట్టి చేయించడం ఏమిటి?" అడిగినవారిలో హైదరాబాద్‌లో ఉన్నవారున్నారు, దుబాయ్‌లో ఉన్నవారున్నారు, మొదటి వరుసలో కూర్చునే పెద్దలూ ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకంటే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాము. ప్రశ్న న్యాయమైనదే. ఇది సంఘపు డబ్బు.

మొదట అసలు బేస్ గిటార్ ఎందుకు అన్న సంగతి. మన మందిరంలో డోలక్, కంజీర, తాళాలతో మొదలై, తరువాత హార్మోనియం వచ్చింది, తరువాత కీబోర్డు వచ్చింది. యౌవనస్థులు పట్టణపు సంఘాలకు వెళ్లి వచ్చాక బేస్ కావాలన్నారు. నమూనాకు ఒక వారం అడిగి తెచ్చినప్పుడు స్త్రీల మైత్రిలోని ఒక అవ్వ దగ్గరికొచ్చి చూసి, "గీ గిటారుకు నాలుగే తీగలున్నయేంది అయ్యగారూ, రెండు తెగిపోయినయా?" అన్నది. తెగలేదు. బేస్‌కు సాధారణంగా నాలుగే తీగలు. మామూలు గిటార్‌లోని లావు తీగలు నాలుగింటికంటే ఒక స్థాయి కిందకు పలుకుతాయి. అన్నింటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. దాన్ని చెవితో వినడంకంటే ఛాతీతో వింటామంటే సరిగ్గా ఉంటుంది. వాయిస్తున్నంతసేపు ఎవరూ గమనించరు. ఆపితే మాత్రం పాట నేల విడిచినట్టుంటుంది. ఏ.ఆర్. రెహమాన్ పాటలకు బేస్ వాయించిన చెన్నై కళాకారుడు కీత్ పీటర్స్ వాయిద్యం విన్నవారికి మేము చెప్పేది తెలుస్తుంది.

ఇది లోకపు వాయిద్యం కదా అన్నవారికి ఒక సంగతి. 6వ కీర్తన, 12వ కీర్తన పైన శీర్షికలో 'అష్టమ శ్రుతి' అనే మాట ఉన్నది. హెబ్రీలో 'షెమినీత్'. మందసమును తెచ్చిన దినమున దావీదు నియమించిన వాయిద్యకారుల సంగతి చెప్పే మొదటి దినవృత్తాంతములు 15వ అధ్యాయంలోనూ అదే మాట వస్తుంది. సెమినరీలో మాకు చెప్పినదేమంటే, దీని అర్థం మీద పండితులు ఏకాభిప్రాయంతో లేరు. ఎనిమిది తీగల వాయిద్యమని కొందరు, ఒక స్థాయి కిందనుండు శ్రుతి అని కొందరు. రెండవదే నిజమైతే, మందసము ముందు నడిచినవారిలో మంద్రస్థాయి వాయించేవారు కూడా ఉన్నారన్నమాట. దీనిమీద సిద్ధాంతం కట్టము. కాని మంద్రస్థాయి లోకానిది, తారస్థాయి దేవునిది అని ఎక్కడా లేదు.

ఈ వాయిద్యం చరిత్ర చిన్నదే. అంతకుముందు మనిషికంటే ఎత్తుండే పెద్ద బేస్‌ను నిలబెట్టి వాయించేవారు. మోయడం కష్టం, పది మంది మధ్య వినబడడమూ కష్టం. 1930లలో అమెరికాలోని సియాటెల్‌లో పాల్ టట్మార్క్ అనే ఆయన గిటార్‌లా అడ్డంగా పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ చేశాడు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ చేసిన 'ప్రెసిషన్ బేస్' లోకమంతా పాకింది. దాని తీగ పొడవు 34 అంగుళాలు, ఇప్పటికీ అదే కొలత ఎక్కువగా నడుస్తోంది. మెడను వేరుగా చేసి మరలతో బిగించే పద్ధతి కాబట్టి ఫ్యాక్టరీలో వేలకు వేలు చేయగలిగారు. తరువాత మళ్లీ చేతిపని వైపు తిరిగినవారున్నారు. కాలిఫోర్నియాలో అలెంబిక్, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1983 నుండి ఫోడెరా. వాళ్ల బేస్‌లు ఒక్కొక్కటి లక్షల రూపాయలు. మనకు అవి అక్కర లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాము.

మా మనసులో మెదిలింది అమెరికా కాదు, గొల్లపల్లి. కొన్నేళ్ల క్రితం విజయనగరం వైపు కూటాలకు వెళ్లినప్పుడు బొబ్బిలి దగ్గరున్న ఆ ఊరికి వెళ్లాము. బొబ్బిలి వీణలు చేసేది అక్కడే, తరతరాలుగా సర్వసిద్ధి ఇంటిపేరువారు. పనస కర్రతో చేస్తారు. కుండ, దండి, పైన యాళి ముఖం, అన్నీ ఒకే దుంగలోంచి తొలిచి తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు. మెట్లను మైనంలో కూర్చి, చెవితో విని, ఒక్కొక్కటి అటూ ఇటూ జరిపి స్థిరపరుస్తారు. ఆ పనికి తొందర చేయడానికి దారే లేదు. దుంగ ఎంత ఎండిందో కర్ర మీద వేలితో కొట్టి, ఆ చప్పుడు విని చెప్పడం మా కళ్లారా చూశాము. ఆ వీణకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ షెడ్డులో నిలబడి మేము అనుకున్నది మాత్రం వేరు. ఇంత పని తెలిసిన చేతులు మా వరంగల్ పల్లెల్లో కూడా ఉన్నవి, మనం వాటితో కిటికీ రెక్కలు తప్ప ఏమీ అడగము.

మన వడ్లాయన సంగతి మీకు తెలుసు. ఆయన తండ్రి నాగళ్లు, గుంటుకలు, బండిచక్రాలు చేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక నాగళ్లు పోయాయి. రెడీమేడ్ తలుపులు వచ్చాక దర్వాజల పని కూడా సగమైంది. కొడుకు హైదరాబాద్‌లో వంటగది అరలు బిగించే పనిలో ఉన్నాడు. ఆయన మన సంఘస్థుడు కాడు, ఆ అభ్యంతరం కూడా ఒకరు తెచ్చారు. సొలొమోను తన మందిరపు ఇత్తడి పనికి తూరు నుండి హీరామును పిలిపించాడు. అతని తండ్రి తూరు పట్టణస్థుడు. దేవుని మందిరంలో పనికి ముందు చూసింది నైపుణ్యాన్ని. అదే రాజుల మొదటి గ్రంథంలో 10వ అధ్యాయం చూడండి, ఓడల మీద దూరం నుండి వచ్చిన చందనపు మ్రానులతో గాయకులకు వాయిద్యాలు చేయించినట్టున్నది. ఏ కర్రతో చేశారన్నది కూడా లేఖనం రాసిపెట్టింది.

మన కర్ర మాత్రం ఓడలో రాలేదు. ఏటూరునాగారం అడవి టేకు బాగుంటుందని ఒకరు తెచ్చిపెడతామన్నారు. అటవీశాఖ ముద్ర లేని కర్ర మందిరానికి వద్దని అక్కడే ఆపాము. కూలగొట్టిన పాత పెంకుటింటి టేకు దూలం ఒకటి మన సహోదరుడు ఇచ్చాడు. ఎన్నో ఏండ్లు కప్పు కింద ఎండిన కర్ర, ఇక వంగేది తక్కువ. మెడకు అదే ముఖ్యం, ఎందుకంటే నాలుగు తీగలు బిగిస్తే మెడ మీద సుమారు 70 కిలోల లాగుడు ఉంటుంది. లోపల ఒక పాత మేకు దాగి ఉండి వడ్లాయన రందా బ్లేడును విరగ్గొట్టింది (దాని ఖర్చు లెక్కలో రాశాము). మెట్లు కూర్చే పలకకు జిట్రేగి కావాలి. ఒకరింటి పాత పట్టెమంచం పలక దొరికింది. జిట్రేగి జాతి కర్ర మీద 2017లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ వస్తే లోకంలోని గిటార్ తయారీదారులంతా తిప్పలు పడ్డారు, 2019లో తయారైన వాయిద్యాలకు సడలింపు వచ్చింది. మన మంచానికి ఆ బాధ లేదు.

మెట్ల లెక్క దగ్గర అందరం కూర్చున్నాము. 34 అంగుళాలను 17.817తో భాగించాలి. వచ్చినది మొదటి మెట్టు దూరం, 48 మిల్లీమీటర్ల పైన. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవ మెట్టు. అలా పోతే పన్నెండవ మెట్టు సరిగ్గా సగంలో, 17 అంగుళాల దగ్గర పడుతుంది. ఇంటర్ చదివే మన అమ్మాయి ఇరవై మెట్లకు లెక్క తీసి కాగితం మీద గీసి ఇచ్చింది. వడ్లాయన ఆ కాగితం పక్కన పెట్టి, "కాగితం వానకు సాగుతది, పాస్టర్ సారూ" అని స్టీలు స్కేలు తెమ్మన్నాడు. మిల్లీమీటరు తేడా వస్తే పాటంతా శ్రుతి తప్పుతుంది. ఇక పికప్, అంటే తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే భాగం. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక మందం రాగితీగ వేల చుట్లు చుట్టాలి. దాన్ని బోరు మోటార్లు వైండింగ్ చేసే మన తమ్ముడు చుట్టాడు. రెండుసార్లు తీగ తెగింది, మూడోసారి నిలిచింది. మెడలో పెట్టే ఉక్కు కడ్డీ, మెట్ల తీగ, చెవులు, బ్రిడ్జ్ మాత్రం కొని తెప్పించినవే. కాబట్టి దీన్ని పూర్తిగా చేతితో చేసినది అని చెప్పుకోవడం లేదు.

ఇప్పుడు డబ్బు. వడ్లాయన తన కూలి 9,000 అడిగాడు. పని 26 రోజులదని ఆయనే చెప్పాడు. పెద్దలు సంతోషించారు, సామాన్లు 8,500 కలిపినా 17,500లో అయిపోతుందని. మేము కాగితం మీద భాగించి చూపించాము. రోజుకు 350 కూడా రావడం లేదు. అదే మనిషి మీ ఇంటికి దర్వాజ పెట్టడానికి వస్తే రోజుకు 900 ఇస్తున్నారు. "ఆయనే కదా అడిగింది" అని ఒక పెద్దాయన అన్నారు. నిజమే, ఆయనే అడిగాడు. పని లేనివాడు తక్కువే అడుగుతాడు. జీతమియ్యక పొరుగువానితో ఊరకే పని చేయించుకుని మేడలు కట్టేవానికి శ్రమ అని యిర్మీయా 22వ అధ్యాయంలో ప్రవక్త చెప్పింది ఒక రాజును ఉద్దేశించి. సంఘం రాజుకంటే తక్కువ జాగ్రత్తగా ఉండాలని ఎక్కడుంది?

అయినా ఆ రాత్రి తేల్చింది మా వాక్యం కాదు. ఈ నిధి ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. మన యౌవనస్థులు, కొందరు అక్కలు మిర్చి ఏరడానికి పోయి, తమ కూలిలో నుండి తెచ్చి పెట్టెలో వేసినది. వాళ్లలో ఒక అమ్మాయి లేచి, "మేం ఏరిన మిర్చికి తూకంల తగ్గిస్తే మీరే వచ్చి ఆసామితోని మాట్లాడిన్రు. ఇప్పుడు మనం గదే చేస్తమా?" అన్నది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 26 రోజులకు 900 చొప్పున 23,400, సామాన్లు 8,500, మొత్తం 31,900. ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. మందిరం కప్పు వానకు కారుతున్నది, ముందు అది చూడాలన్నది వారి మాట. ఆ మాటలో బలం ఉంది. కప్పు నిధి వేరు ఖాతాలో ఉన్నది, దానిలోనుండి రూపాయి తీయలేదు, తీయము. కాని అక్కడ ఇంకా ఎంత తక్కువున్నదో అందరికీ తెలుసు, ఆ ఇద్దరి బాధను మేము తీసివేయలేకపోయాము.

వేరే సంఘాల కాపరులు కూడా ఇది చదువుతారు గనుక, కొనేవారికి రెండు మాటలు. షాపులో కొన్నా, చేయించినా, ముందు మెడను కంటికి ఎదురుగా పట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు చివరివరకు చూడండి. కొద్దిపాటి లోపలి వంపు ఉండవచ్చు, మెలి ఉండకూడదు. మెట్ల కొనల మీద అరచేయి జార్చండి, గీరుకుంటే పని పూర్తి కాలేదు. పన్నెండవ మెట్టు మీద తీగను ఊరకే తాకి వాయించిన స్వరం, నొక్కి వాయించిన స్వరం ఒకటే పలకాలి. పట్టీ వేసుకుని చేతులు వదిలితే తల కిందికి వాలిపోకూడదు, రెండు గంటల ఆరాధనలో భుజం దానికి సాక్ష్యమిస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, మన మైక్‌సెట్ల హారన్‌లలో బేస్ పలకదు. అవి మాటకు చేసినవి, 41 కంపనాల స్వరం వాటిలోంచి బయటికి రాదు. దానికి పెద్ద స్పీకరున్న వేరే పెట్టె కావాలి. ఆ ఖర్చు లెక్కవేయకుండా బేస్ కొన్న సంఘాల్లో అది గోడకు వేలాడుతుండడం మేము చూశాము. మన స్పీకర్ పెట్టెకు కూడా వడ్లాయననే ప్లైవుడ్‌తో చేయమన్నాము, లోపలి స్పీకరు మాత్రం వరంగల్‌లో కొంటాము.

ప్రస్తుతం మెడ, శరీరం అతికించి ఉన్నవి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతుకు పట్టే ముందు థిన్నర్‌తో తుడిచి అతికించాడు. మెట్లు దిగ్గొట్టడం పూర్తయింది, ఆకురాయితో సమం చేస్తున్నాడు. వానలు పట్టాయి గనుక తీగలు ఇప్పుడే బిగించవద్దని, ఒక పది రోజులు ఎండ కాస్తే బిగిస్తానని అంటున్నాడు. పిల్లలు రోజూ సాయంత్రం వెళ్లి ఆయన పనిచేసే చోట నిలబడుతున్నారు. నిలబడితే ఏం, ఉప్పుకాగితం పట్టండని ఆయన పని చెబుతున్నాడట.

మొదటి విడతగా 12,000 ఇచ్చి రశీదు తీసుకున్నాము. రెండవ విడత వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఆయన ఇంటికి వెళ్లి ఇస్తాము. కోశాధికారి గారితోపాటు, ఒప్పుకోని ఆ ఇద్దరు పెద్దలు కూడా వస్తామన్నారు. ఖర్చుల కాగితం మందిరం తలుపు దగ్గర అంటించి ఉంది, చూసుకోండి.