జ్వరం తగ్గాక అసలు కథ

2021 ఏప్రిల్, మే నెలల్లో కాకినాడ జీజీహెచ్ కోవిడ్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. అమలాపురం, మండపేట, తుని వైపు నుంచి 108లో వచ్చినవాళ్లని మంచం మీదకి మార్చగానే, "జ్వరం ఏ రోజు మొదలైందండీ?" అని అడిగి కేస్ షీట్ మీద రాసుకునేదాన్ని. చాలామందికి అప్పటికే వారం దాటి ఉండేది. "జ్వరం తగ్గిపోయిందండీ, నీరసం ఒక్కటే" అనేవారు ఇంట్లోవాళ్లు. మాకు భయం వేసేది ఆ మాటకే.

కోవిడ్ వైరస్ ఒంటి మీది స్పైక్ ప్రోటీన్ మన కణాల మీదుండే ఏస్-2 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. లోపలికి దూరి, ఆ కణం చేతే తన నకళ్లు తీయించుకుంటుంది. లక్షణాలు కనబడిన తొలి రోజుల్లో ముక్కులో, గొంతులో అది జోరుగా ఉంటుంది. చాలామందికి జబ్బు అక్కడితో సరి.

కొందరిలో ఊపిరితిత్తుల అడుక్కి దిగుతుంది. అక్కడి గాలి గదులు విచ్చుకుని ఉండాలంటే సర్ఫాక్టెంట్ అనే పదార్థం కావాలి. దాన్ని తయారుచేసే కణాల మీదా ఏస్-2 ఉంటుంది. ఆ కణాలు చచ్చిపోతే గాలి గదులు తడిసిన ప్లాస్టిక్ సంచిలా అతుక్కుపోతాయి. పక్కనున్న సన్నటి రక్తనాళాల నుంచి వాటిలోకి నీరు చేరుతుంది. ఈపాటికి వైరస్ తగ్గుముఖం పట్టినా, దాని మీదకొచ్చిన రక్షణ కణాల ఉధృతి తగ్గదు. ఆ వాపుకి సన్నటి నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. పొట్ట మీద హెపారిన్ ఇంజక్షన్లు చేసింది అందుకే.

కోనసీమ నుంచి వచ్చిన ఒక కొబ్బరి రైతు మంచం మీద కూర్చుని ఫోన్లో దింపు కూలీల సంగతి మాట్లాడుతున్నారు. వేలికి ఆక్సీమీటర్ పెడితే 78. చెయ్యి చల్లగా ఉంటే అంకె తేడా చూపిస్తుందని, అరచెయ్యి రుద్ది వేరే వేలికి పెట్టాను. 79. "నాకు ఆయాసమే లేదమ్మా, మీ మిషనే పాడైనట్టుంది" అన్నారాయన. మనిషికి ఆయాసం ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే వస్తుంది. ఈ జబ్బులో మొదట్లో అది బయటికి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం రక్తంలోకి చేరదు.

మాస్క్ పెట్టి, "బాబాయ్ గారూ, కాసేపు బోర్లా పడుకోండి" అని ఒప్పించాను. ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం వీపు వైపే ఉంటుంది. బోర్లా తిరిగితే గుండె, పొట్ట బరువు దాని మీద నుంచి తప్పుకుని, మూసుకున్న గదులు కొన్ని తెరుచుకుంటాయి. అరగంటలో 90 దాటింది. నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ పెడితే 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ ఎనిమిది గంటలు కూడా రాదు. ఒక్క లీటరు తగ్గించగలిగినా మాకు పండగే.

ఆ రక్షణ కణాల ఉధృతిని తగ్గించే మందు మీద 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి లాభం కనబడలేదు. మన దగ్గరేమో జ్వరం వచ్చిన రెండో రోజే మందుల షాపులో అవే మాత్రలు కొనుక్కుని వేసుకొచ్చేవారు. వైరస్‌తో పోరాడాల్సిన వారంలో ఆ పోరాటాన్నే అణిచేసే మందు అది. పైగా షుగర్ పెంచుతుంది. మే నెలలో బ్లాక్ ఫంగస్‌తో ముఖం వాచి, కన్ను మూతపడి వచ్చినవాళ్ల కేస్ షీట్లలో షుగర్, స్టెరాయిడ్లు జంటగా కనబడేవి.

ఇప్పుడు ట్రైనింగ్‌కి వచ్చే నర్సింగ్ పిల్లలకి నేను చెప్పేది ఇదే. ఇలాంటి జబ్బుతో వచ్చిన మనిషి "బానే ఉన్నానండీ" అంటే, ఆక్సీమీటర్‌లో అంకె బాగున్నా సరే వరండాలో ఆరు నిమిషాలు నడిపించండి. నడిచాక అది మూడు నాలుగు పడిపోతే, ఆయన ఎంత మారాం చేసినా డాక్టరు గారు చూడకుండా ఇంటికి పంపకండి.