పేరు అరిగిన గంగాళం

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి నా మీద చిన్న అనుమానం ఉంది. మిగతా ఫ్లాట్ల వాళ్లంతా పాత సామాను కిందికి దించుతుంటే, నేనొక్కదాన్నే పైకి ఎక్కిస్తుంటాను. ఓసారి ఆటోలోంచి రాతిరోలు దింపిస్తుంటే ఉండబట్టలేక అడిగేశాడు. ‘‘అమ్మా, మిక్సీ పాడైందా?’’

‘‘కాదయ్యా, బాల్కనీలో పెట్టుకోవడానికి’’ అన్నాను.

రోలు వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. ‘‘లిఫ్ట్ ఆగిపోద్దేమోనమ్మా’’ అన్నాడు. ఆగలేదు గానీ, మూడో అంతస్తు దాకా మూలుగుతూనే వచ్చింది.

ఈ పిచ్చి నాకు మొదట్నుంచీ లేదు. 2013లో ఈ ఫ్లాట్‌లోకి వచ్చినప్పుడు అందరిలాగే కొత్త సోఫా, కొత్త డైనింగ్ టేబుల్, గోడకి ఎగ్జిబిషన్‌లో కొన్న పూల బొమ్మ. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు బాగుందన్నారు. నెల తిరక్కుండా పక్క ఫ్లాట్ వాళ్ల గృహప్రవేశం. వెళ్లి చూస్తే అదే సోఫా, అదే రంగు కర్టెన్లు, టీవీ కూడా అదే గోడకి. పొరపాటున మా ఇంటికే తిరిగొచ్చానేమో అనిపించింది. ఆ రోజు నుంచీ మా హాల్లో కూర్చుంటే ఏదో హోటల్ గదిలో ఉన్నట్టే ఉండేది.

ఒక గురువారం బేగంబజార్‌లో స్టీలు డబ్బాలు కొనడానికి వెళ్లి, దారి తప్పి పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో తేలాను. జుమ్మేరాత్ అంటే ఉర్దూలో గురువారం. రోడ్డు పక్కన గోనెపట్టాలు పరిచి వాటిమీద లోకంలో ఉన్న పాతంతా పోస్తారు. తాళంచెవి లేని తాళాలు, తాళం లేని చెవులు, ఆగిపోయిన గడియారాలు, కుట్టుమిషన్ కాళ్లు, ఒంటి బూటు. అక్కడ ప్రతిదీ నిజాం కాలందే. ప్లాస్టిక్ పిడి ఉన్న టార్చిలైటు కూడా! ఆ కుప్పలో ఒక ఇనప కుంచం కనబడింది. రెండు వందల యాభై ఇచ్చి తెచ్చాను.

మా అమ్మాయి దాన్ని తిప్పి తిప్పి చూసి ‘‘డస్ట్‌బిన్నా అమ్మా?’’ అంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని మా నాయనమ్మ చెప్పిన లెక్క గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. కిలోలూ లీటర్లూ తెచ్చిన చట్టం 1956లో వచ్చినా, మా ఊళ్లో ధాన్యం నా చిన్నప్పుడు కూడా కుంచంతోనే కొలిచేవారు. అన్నేళ్లుగా నోట్లోకి రాని లెక్క కుంచం చేతిలోకి రాగానే వచ్చేసింది. అంతే, గురువారాలు అలవాటైపోయాయి.

డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ఇత్తడికి అంటుకోదు. పైన పూత పూసిన ఇనుమైతే టక్కున పట్టేసుకుంటుంది. గిన్నె అంచు మీద వేలితో కొడితే గణగణమనాలి. బొంగురుగా పలికిందంటే ఎక్కడో పగులుందన్నమాట. పక్క టీ బండివాణ్ని అడిగి కాసిన్ని నీళ్లు పోసి చూడటానికి మొహమాటపడకూడదు. చెక్క సామానైతే వంగి కింద చూడాలి. సన్నటి పిండి రాలుతుంటే ఎంత నగిషీ ఉన్నా దణ్ణం పెట్టి వచ్చెయ్యాలి. నేను రాలేదు. కూల్చేసిన ఇళ్ల కలప అమ్మే అడితిలో ఒక కిటికీ తలుపు చూసి ముచ్చటపడి తెచ్చి గోడకి తగిలించాను. దాంట్లోని పురుగు వానాకాలం వచ్చేసరికి మావారి పుస్తకాల బీరువాలో కాపురం పెట్టింది. ‘‘నిజాం కాలం పురుగు, మర్యాదగా చూడు’’ అని ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు.

దేవుడి విగ్రహాలు మాత్రం ముట్టుకోను. నూరేళ్లు దాటిన శిల్పాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలని 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతోంది. చట్టం సంగతి అటుంచి, ఏ గుళ్లోంచి వచ్చాడో తెలియని దేవుణ్ని హాల్లో నిలబెట్టి, పక్కన మనీప్లాంట్ పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా ఇల్లు కళ తిరిగింది. అడితిలో కొన్న పాత టేకు తలుపును పడుకోబెట్టి, కాళ్లు బిగించి, పైన అద్దం వేయిస్తే డైనింగ్ టేబులైంది. కుంచంలో గొడుగులు నిలబడ్డాయి. లాంతరులో బల్బు వెలిగింది. గోడ మీద కవ్వం, బాల్కనీలో రోలు, రోలు నిండా నీళ్లు, నీళ్లలో చామంతులు. వచ్చినవాళ్లు సోఫాలో కూర్చోకుండా ఇల్లంతా తిరిగి ఫొటోలు తీసుకునేవారు.

వీటన్నిట్లోకీ మహారాణి గంగాళం. 2022లో దొరికింది. తొమ్మిది కిలోల ఇత్తడి. అతను తొమ్మిది వేలు చెబితే, రెండు గురువారాలు బేరమాడి ఆరున్నర వేలకి తెచ్చాను. దాని లోపలి అంచున చిన్న ఉలితో చుక్కచుక్కగా కొట్టిన తెలుగు అక్షరాలున్నాయి. ముందు భాగం అరిగిపోయింది. మిగిలింది ‘...మ్మకు పెండ్లి కానుక 1954’ అని. ఆ మాట చూసే ఎక్కువిచ్చి కొన్నానని ఒప్పుకుంటాను. సోఫా పక్కన పెట్టి, ఎండు తామర కాయలు, రెల్లుపూలు గుచ్చాను. వచ్చినవాళ్లకి ఆ అక్షరాలు చూపించడం నాకు గొప్ప.

2024లో సంక్రాంతి వెళ్లాక మా అత్తగారు శుక్లాల ఆపరేషన్‌కి మా ఇంటికొచ్చారు. ఆవిడ ఉండేది రాజోలు దగ్గర పల్లెటూళ్లో. మోకాళ్ల నొప్పులని ప్రయాణాలు మానేశారు. నా సింగారమంతా చూడటం అదే మొదలు.

‘‘ఇదేంటే అమ్మాయ్, కవ్వాన్ని గోడెక్కించావు?’’

‘‘అందానికి అత్తయ్యా.’’

‘‘అందమా! తెల్లారుజామున లేచి కుండెడు పెరుగు చిలికితే తెలిసేది అందం.’’

బాల్కనీలోకి వెళ్లి రోలు ముందు నిలబడ్డారు. దాన్ని చూస్తే కుడి భుజం ఇప్పటికీ లాగుతుందన్నారు. ఇంట్లో పదకొండు మంది. రోజూ సాయంత్రం మినప్పిండి రుబ్బడం కొత్తకోడలి వంతు. ‘‘పూలు వేశావా ఇందులో? పోన్లే, ఇన్నాళ్లకి దానికీ విశ్రాంతి’’ అని నవ్వేశారు. నాకూ నవ్వొచ్చింది. భోజనం దగ్గర మాత్రం ఇద్దరం నవ్వలేదు. టేబుల్ అద్దం కింద గడియ బిగించిన గుర్తు తడుముతూ ‘‘ఎవరింటి తలుపో! ఏం ఇబ్బందొచ్చి అమ్ముకున్నారో’’ అన్నారు. మూడేళ్లుగా ఆ తలుపు మీద అన్నం తింటున్నాం. ఆ మాట నాకెప్పుడూ తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆవిడ సోఫాలో లేరు. కింద, గంగాళం పక్కన చతికిలబడి కూర్చున్నారు. రెల్లుపూలు తీసి పక్కన పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి అంచు వెంబడి వేలు నడుపుతున్నారు. చూపు సరిగ్గా ఆనదు కదా, వేలితోనే చదువుతున్నారు. ‘‘ఏదో పేరుంది, ముందు తగలడం లేదు’’ అన్నారు. నేను చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు.

‘‘నాకూ ఉండేది’’ అన్నారు తర్వాత.

ఆవిడ పుట్టిల్లు పెనుగొండ వైపు. ఆ పక్కనే అజ్జరం, ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు. పెళ్లికి వాళ్లమ్మ అక్కడే గంగాళం చేయించి, దగ్గరుండి పేరు కొట్టించిందట. ఆ పనివాడు ‘చేతిలో ఉలి జారితే అక్షరం పోతుంది, పలకరించకండమ్మా’ అంటే, వాళ్లమ్మ ఊపిరి బిగబట్టి చూసిందట. ఇత్తడి సామానంతా ఒక ఎత్తు, ఆ గంగాళం ఒక ఎత్తు. 1974లో మావారు పుట్టారు. పుట్టింట్లో పురుడు పోసుకుని, ఐదో నెలలో పిల్లాణ్నెత్తుకుని తిరిగొచ్చేసరికి గంగాళం లేదు. దాని చోట పన్నెండు స్టీలు కంచాలు, పన్నెండు గ్లాసులు, మూడు క్యారియర్లు తళతళలాడుతున్నాయి. ఇంట్లో ఇత్తడంతా తూకానికి వేసేసి స్టీలు తెచ్చారు. అప్పట్లో ఊరంతా అదే వరస. ఇంకా ఇత్తడి తోముతున్నారంటే నామోషీ.

‘‘మరి మీరేమీ అనలేదా అత్తయ్యా?’’

‘‘ఎవర్నంటాను? అందరూ సంతోషంగా ఉన్నారు. తోముడు తప్పిందని నేనూ సంతోషించాలి కదా. సంతోషించాను కూడా. స్టీలు తేలిగ్గా ఉండేది’’ అన్నారు. ఇంకాసేపాగి ‘‘పిల్లాడికి మొదటి తలంటు అందులో నీళ్లతో పోయాలనుకున్నాను’’ అన్నారు.

మావారికి యాభై ఏళ్లు వచ్చాయి. ఈ సంగతి ఆయనకి తెలీదు.

అత్తయ్యకి చెప్పలేదు గానీ మీకు చెబుతున్నాను. 2009లో తెనాలి దగ్గర మా పుట్టింటిని అమ్మేశాం. అమ్మానాన్నా ఇద్దరూ పోయారు, చూసేవాళ్లు లేరు. సామాను ఏం చెయ్యమంటావని తమ్ముడు ఫోన్ చేశాడు. నాయనమ్మ భోషాణం, అమ్మ కాగు, ఉయ్యాలబల్ల, ఇంకేవో చదివాడు. నేను ఆఫీసులో ఉన్నాను. ‘‘ఆ పాత చెత్తంతా హైదరాబాద్‌లో ఎక్కడ పెట్టుకుంటాంరా, ఎవరికైనా ఇచ్చెయ్’’ అన్నాను. సరిగ్గా ఆ మాటలే. వాడు ఇచ్చేశాడు. వాడి తప్పేమీ లేదు.

ఆ కాగు మీద అమ్మ పేరుండేదా అని ఆ మధ్యాహ్నం నుంచీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. పొయ్యి మీద మసిబారిన అడుగు గుర్తుంది, కంకణాల చప్పుడు గుర్తుంది. పేరు గుర్తు రావడం లేదు. ఎప్పుడైనా తోమి ఉంటేగా! అమ్మే తోమేది. ఇప్పుడు మా ఇంట్లో నలుగురు ముక్కూమొహం తెలియని వాళ్ల సామానుకి చోటుంది.

ఆపరేషన్ అయ్యాక అత్తయ్య నలభై రోజులున్నారు. కట్టు విప్పిన వారానికి గంగాళాన్ని కిటికీ దగ్గరికి జరిపించి, 1954 అన్న అంకెల్ని తన కళ్లతో చదువుకున్నారు. తర్వాత పెత్తనం మొదలైంది. తామర కాయలు చెత్తబుట్టలోకి పోయాయి. చింతపండు, బూడిద తెమ్మన్నారు. మూడో అంతస్తులో బూడిదెక్కడిది? చింతపండు, ఉప్పుతో సరిపెట్టాం. ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను తోమాను. అరగంటకే నా భుజం లాగింది. హాస్టల్ నుంచి మా అమ్మాయి వచ్చిన ఆదివారం గీజర్ నీళ్లు గంగాళంలో నింపి, మనవరాలికి కుంకుడుకాయతో తలంటించారు. ‘‘గీజర్ నీళ్లు గంగాళంలో పోసుకుని పోయించుకోవడమేంటి నానమ్మా, షవరుందిగా’’ అని అది నవ్వుతూనే ఉంది. అత్తయ్య వినిపించుకోలేదు.

రోలులోంచి చామంతులు కూడా వెళ్లిపోయాయి. గోంగూర పచ్చడి నూరాం. కొంచెం కింద వాచ్‌మన్‌కి పంపిస్తే, రుచి చూసి ‘‘అయితే మిక్సీ నిజంగానే బాగుచేయించలేదన్నమాట’’ అన్నాడట. నేను పులుసు పెడదామని ఒక ఇత్తడి గిన్నె తీస్తే ఆపేశారు. కళాయి లేని గిన్నెలో పులుపు పెడితే చిలుమెక్కుతుందని నాకూ తెలుసు గానీ మర్చిపోయాను. కళాయి వేసేవాడి కోసం పాతబస్తీలో రెండు రోజులు వెతకాల్సొచ్చింది. దొరికాడు. గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం రుద్ది, దూదితో ఒక్కసారి తిప్పేసరికి లోపలంతా వెండిలా మెరిసింది. దాంట్లో చేసిన ముక్కల పులుసు గురించి మావారిని అడగాలి, నేను చెబితే అతిశయోక్తి అంటారు.

ఊరెళ్లే ముందు ఒక మాట అడిగాను. ‘‘అత్తయ్యా, గిన్నెల షాపులో పేర్లు వేస్తారు. గంగాళం మీద మీ పేరు వేయిస్తాను. మీతో పంపిస్తాను.’’

‘‘నాది ఇది కాదు కదే. ఇది ఆవిడది’’ అన్నారు. అరిగిన చోట వేలు పెట్టి ‘‘చూడు, ఎవరూ చెరపలేదు. తోమీ తోమీ ఆవిడ పేరు ఆవిడే అరగదీసుకుంది’’ అన్నారు.

బస్సెక్కుతూ ఒక్క గిద్ద మాత్రం అడిగి పట్టుకెళ్లారు, ఉప్పు తీసుకోవడానికి పనికొస్తుందని. గంగాళం ఇప్పుడు బాత్‌రూమ్ పక్కనుంటుంది, ఆదివారాలు పనిచేస్తుంది. ఆవిడ వారానికోసారి ఫోన్ చేస్తారు. కొడుకు గురించి అడుగుతారు, మనవరాలి చదువు గురించి అడుగుతారు. పెట్టేసే ముందు ‘‘తోముతున్నావా?’’ అంటారు. తోముతున్నానంటాను.

‘‘పేరున్న చోట గట్టిగా రుద్దకే’’ అంటారు.