సున్నా శాతం చూసి మురిసిపోకండి

మా తరిగొప్పుల అమ్మాయి తెలుగులో పాటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. టైప్ చేయించిన అధ్యాయానికి కాపీ చెక్ పెడితే పోలిక సున్నా శాతం వచ్చింది. పాటల సేకర్తల పుస్తకాల నుంచి అంతంత ఉటంకింపులున్నాయి, సున్నా ఎట్లా వస్తుంది? ఫాంట్ మార్చి చూశాం. తెరనిండా అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులే! పాత డీటీపీ ఫాంట్ అది. సాఫ్ట్‌వేర్ తెలుగు చదవనేలేదు. యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని ఒత్తులు చెదిరాయి, వరుసవరుసా దిద్దుతోంది పాపం.

2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించినవి లెక్కలోకి రావు. ఇంత పెద్ద విషయం ఫాంట్ మీద ఆధారపడకూడదు.

తెలుగులో పరిశోధన చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మొదటి పేజీ నుంచే యూనికోడ్‌లో టైప్ చేయండి.