లైసెన్సు ఎవరి పేరున ఉంది?



ఎప్పుడూ మన రికార్డుల గదిలో దొరికిన పాత ఫొటో గురించో, పెళ్లి పత్రిక గురించో రాస్తుంటాం. ఈసారి ఒక తప్పు గురించి రాస్తున్నాం. తప్పు రికార్డుల కమిటీలో ఉన్న మా నలుగురిదే. జనరల్ బాడీలో లేచి చెప్పేముందు మీ అందరికీ వివరంగా చెప్పాలనిపించింది. పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి.

మన షోలాపూర్‌లో మనవాళ్ల చరిత్ర కాగితాల్లో తక్కువ, నోళ్లలో ఎక్కువ. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన తాతల సంగతులు, జూనీ మిల్లు భోంగా మోతకు లేచి పనికి పోయినవాళ్ల సంగతులు, 1930లో మార్షల్ లా పెట్టిన రోజుల గురించి తల్లిదండ్రులు చెప్పగా విన్న మాటలు, బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన తల్లుల కష్టాలు. ఇవన్నీ ఏడేళ్లుగా ఇంటింటికీ పోయి రికార్డు చేస్తున్నాం. వాటితోపాటు పాత సభ్యత్వ రిజిస్టర్ల స్కాన్లు, స్కాలర్‌షిప్ లెక్కలు కూడా లైబ్రరీ కంప్యూటర్లో ఉన్నాయి. వాటి నకళ్లు ఆఫీసు గదిలోని సర్వర్లోకి రోజూ రాత్రి పోతుంటాయి.

ఆ ఏర్పాటు చేసింది చిన్నాయన. మీలో చాలామందికి ‘కంప్యూటర్ చిన్నాయన’ అంటేనే తెలుస్తుంది. తన ఉద్యోగంలో వాడే పెద్ద కంపెనీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌నే రాయితీ ధరకు సమాజానికి ఇప్పించాడు. ఆయన ఉన్నన్నాళ్లు మేం ఆ సర్వర్ వైపు చూడలేదు. ఆయన పోయాక కూడా చూడలేదు. తప్పు అక్కడే మొదలైంది.

సర్వర్లో ఉన్నది విండోస్ సర్వర్ 2012 ఆర్2. దానికి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2023 అక్టోబరు 10తో మామూలుగా ఆగిపోయింది. మార్చాలి, మార్చాలి అనుకుంటూ వాయిదా వేసి, చివరికి పోయిన దసరా సెలవుల్లో కొత్త సర్వర్ కొన్నాం. కొత్త సర్వర్ మీద పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నడవదు కాబట్టి దాని కొత్త వెర్షన్ ఎక్కించాలి. పుణేలో ఉద్యోగం చేసే మన పిల్లగాడు శనివారం వచ్చాడు, సాయంత్రానికల్లా ఎక్కించేశాడు. తెర మీద రెండు కబుర్లు కనిపించాయి. ఒకటి, పాత లైసెన్సు ఈ వెర్షన్‌కు చెల్లదు, 30 రోజులు ఊరికే వాడుకోవచ్చు. రెండు, లైబ్రరీ కంప్యూటర్‌ను నమ్మడం లేదు.

రెండోదాన్ని ముందు పట్టుకున్నాం, ఎందుకంటే అది ఎర్రగా కనిపిస్తోంది. మొదటిది పచ్చగా నడుస్తోంది కదా, తర్వాత చూద్దాం అనుకున్నాం.

నమ్మడం అంటే ఏమిటో మాకూ అప్పుడే అర్థమైంది. వెనకటి రోజుల్లో ఊరి నుంచి వచ్చిన పోరగాడు కార్ఖానా గడపలో నిలబడితే మొదట అడిగే మాట ‘ఎవరి పిలగానివిరా?’ అని. తెలిసిన పెద్దమనిషి ఒకరు ‘మావాడే’ అంటే లోపలికి రానిచ్చేవాళ్లు. సెక్యూరిటీ సర్టిఫికెట్ చేసేది అదే పని. ఈ కంప్యూటర్ పేరు ఇది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా దీనికి నాదీ పూచీ అని ఒక పెద్ద సంతకం చేసి ఇచ్చే చీటీ. పాత వెర్షన్ ఈ చీటీ గట్టిగా అడిగేది కాదు. గడువు తీరిందని హెచ్చరిక చూపించినా ‘ఫర్వాలేదు, ముందుకు పో’ అనే మీట ఉండేది. రెండేళ్లు మేం ఆ మీటే నొక్కుతూ వచ్చాం. కొత్త వెర్షన్‌లో ఆ మీట లేదు.

లైబ్రరీ కంప్యూటర్ చీటీ ఎందుకు చెల్లలేదో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు, మేమే కావాలని పెట్టలేదు. లోపలి బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాని తేదీ 2009 జనవరి 1కి పోతోంది. దాని లెక్కన మనం ఇంకా 2009లోనే ఉన్నాం, చీటీ మీది మొదటి తేదీ ఇంకా రానే లేదు! గడియారాల దుకాణంలో కొత్త బిళ్ళ కొని వేస్తే తేదీ నిలబడింది. అప్పటికీ ఎరుపు పోలేదు. ఆ కంప్యూటర్ ఇంకా పాత సర్వర్ పేరునే గుర్తు పెట్టుకుంది. కొత్త సర్వర్ తన చీటీలో వేరే పేరు చూపిస్తుంటే ‘నువ్వెవరు?’ అంటోంది. పేరు సరిచేశాం.

చివరి మెట్టు వేలిముద్ర సరిచూడటం. సర్వర్ తెర మీద ఒక పొడుగాటి అక్షరాల వరుస వస్తుంది, లైబ్రరీ తెర మీదా వస్తుంది. రెండూ ఒకటే అయితేనే ‘ఔను’ అనాలి. చూడకుండా ‘ఔను’ అంటే పూచీకత్తుకు అర్థం లేదని పుణే పిల్లగాడు ఫోన్లో గట్టిగా చెప్పాడు. మాలో ఒకరు ఆఫీసు గదిలో, ఇంకొకరు లైబ్రరీలో నిలబడి ఫోన్లో చదువుకున్నాం. మరాఠీ బడిలో చదివిన మా అక్క ‘సాత్, తీన్, ఎఫ్’ అంటుంటే ఇవతల ‘ఏడు, మూడు, ఎఫ్’ అని టిక్కు పెట్టుకున్నాం. మొత్తం కలిసింది. ఎరుపు పచ్చగా మారింది. ఆ రాత్రి నకళ్లు పోయాయి. అందరం చాయ్ తాగి ఇళ్లకు పోయాం.

లైసెన్సు సంగతి మరిచిపోయాం.

దీని లెక్క ఇలా ఉంటుంది. మనం కొన్న వెర్షన్‌ను ఎన్నేళ్లైనా వాడుకోవచ్చు. కొత్త వెర్షన్‌కు మారే హక్కు మాత్రం ఏటా మెయింటెనెన్స్ కడుతూ ఉంటేనే ఉంటుంది. చిన్నాయన పోయాక అది ఎవరూ కట్టలేదు. కట్టమని వచ్చిన గుర్తులన్నీ ఆయన మెయిల్‌కే పోయాయి. 30 రోజులు అయిపోవస్తున్నాయన్న హెచ్చరికలూ అక్కడికే పోయాయి. 31వ రోజు నుంచి నకళ్లు ఆగిపోయాయి. మాకు తెలియలేదు. గదికి తాళం వేసి ఉంది, సర్వర్ దీపం పచ్చగానే వెలుగుతోంది.

అయిదు వారాల తర్వాత లైబ్రరీ కంప్యూటర్ డిస్కు టిక్కుటిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. ‘బ్యాకప్ ఉంది కదా’ అనుకుంటూ సర్వర్ తెరిచాం. చివరి నకలు తేదీ చూసి ఎవరికీ మాట రాలేదు.

అప్పుడు ఒక తమ్ముడు, మంచి మనసుతోనే, ఇంటర్నెట్‌లో దొరికే దొంగ కీ వేద్దామన్నాడు. వద్దన్నాం. ఈ సాఫ్ట్‌వేర్ మన ప్రతి కంప్యూటర్లో ప్రతి ఫైలూ తెరిచి చదవగల అధికారంతో నడుస్తుంది. ఎవరు విప్పి కట్టారో తెలియనిదాన్ని అలాంటి చోట పెట్టడమంటే తాళంచెవుల గుత్తి దారిన పోయేవాడి చేతికి ఇవ్వడమే.

చిన్నమ్మ దగ్గరికి పోయాం. చిన్నాయన ఫోన్ ఉందా అని అడగడానికే నోరు రాలేదు. ఆమె బీరువా తీసి ఇచ్చింది. ఫోన్ పనిచేస్తోంది. ప్రతి నెలా రీచార్జ్ చేయిస్తూనే ఉందట. “నంబరు పోతే ఆయన ఇంకోసారి పోయినట్టు అనిపించింది బిడ్డా” అంది. ఆమె, కొడుకు పక్కన కూర్చుని మెయిల్ తెరిచి వెతికారు. కొన్న బిల్లు దొరికింది. అదృష్టం కొద్దీ లైసెన్సు సమాజం పేరునే ఉంది, సంప్రదించాల్సిన మనిషిగా మాత్రం చిన్నాయన పేరు. బిల్లు నకలు, మరణ ధ్రువపత్రం, కార్యవర్గ తీర్మానం లెటర్‌హెడ్ మీద పెట్టి కంపెనీకి పంపాం. పేరు మారడానికి పదకొండు రోజులు పట్టింది. బాకీ కాలానికి కూడా కట్టాల్సి వచ్చింది. బిల్లుతో సహా జనరల్ బాడీ ముందు పెడతాం.

ఇంకో గండం కూడా ఉంది. చోటు చాలక మొదటి మూడేళ్ల రికార్డింగులను లైబ్రరీ కంప్యూటర్లో తుడిచేసి, పాత బ్యాకప్‌లోనే ఉంచాం. ఒక్కటే ఉన్నప్పుడు అది నకలు కాదని అప్పుడు తోచలేదు. ఆ బ్యాకప్‌కు చిన్నాయన రహస్య పదం పెట్టి తాళం వేశాడు. కొత్త సర్వర్ ఆ పదం అడిగింది. ఫోన్లో లేదు, డైరీల్లో లేదు. పాత సర్వర్‌ను తుడిచి బడికి ఇచ్చేద్దామని దసరా నాడే అనుకున్నాం. మన లైబ్రరీ అక్క “పాత పెట్టెలో ఏముందో చూడకుండా పారేస్తామా?” అని అడ్డుపడి గోడపక్కన పెట్టించింది. దాన్ని మళ్లీ వెలిగించాం. తను వేసిన తాళం చెవి దానికి గుర్తుంది. ఏమీ అడగకుండా అన్నీ తెరిచి ఇచ్చింది. మూడేళ్ల గొంతులు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే అక్క ఏడ్చేసింది.

కానీ అన్నీ రాలేదు. నకళ్లు ఆగిన ఆ అయిదు వారాల్లో మేం ఇద్దరిని రికార్డు చేశాం. ఒక తాత మళ్లీ కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. రెండోది, ఎనభై దాటిన ఒక బీడీ కార్మికురాలు, మన అవ్వ. రెండు గంటలు మాట్లాడింది, మధ్యలో పాట కూడా పాడింది. తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. డిస్కును పుణేలో డేటా తీసేవాళ్లకు పంపితే రాదన్నారు. మా దగ్గర మిగిలింది ఒక ఫొటో, కాగితం మీద రాసుకున్న కొన్ని వాక్యాలు. వాళ్లింటికి పోయి మనవరాలికి చెప్పి క్షమించమని అడిగాం. మీ అందరినీ ఇక్కడ అడుగుతున్నాం.

ఇది మన చిన్న గదిలోనే జరిగే పొరపాటు కాదు. 2018 డిసెంబరు 6న బ్రిటన్‌లో ఓ2 కంపెనీ మొబైల్ నెట్‌వర్క్‌లో కోట్లమందికి డేటా ఆగిపోయింది. ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరడమే కారణం. ఇకముందు ఈ గడువులు ఇంకా తగ్గుతాయి. మన వెబ్‌సైట్‌కు వాడే రకం సర్టిఫికెట్లకు గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. మనిషి గుర్తుపెట్టుకుని మార్చే కాలం కాదు, దానంతట అదే మారేలా పెట్టుకోవాలి. మారిందో లేదో చూడటానికి మాత్రం మనిషి కావాలి.

ఇప్పుడు చేసినవి చెబుతాం. లైసెన్సు ఖాతా సమాజం మెయిల్ మీదకు మార్చాం, హెచ్చరికలు ముగ్గురికి వస్తాయి. రహస్య పదం రెండు సీలు కవర్లలో ఉంది. ఒకటి అధ్యక్షుల దగ్గర, ఒకటి బ్యాంకు లాకర్లో. రికార్డింగులన్నిటికీ ఇంకో నకలు వేరే ఇంట్లో వేరే డిస్కులో పెట్టాం. నెలవారీ మీటింగులో చందాల లెక్క చదివాక సర్టిఫికెట్, లైసెన్సు, మెయింటెనెన్స్ గడువు తేదీలు కూడా చదువుతాం. ఆ రోజే ఏదో ఒక రికార్డింగు బ్యాకప్ నుంచి తీసి అందరి ముందూ వినిపిస్తాం. వినపడితేనే బ్యాకప్ ఉన్నట్టు.

ఒక విన్నపం. మీ ఇళ్లలో, దుకాణాల్లో, మీరు నడిపే బడుల్లో ఇలాంటివి ఎవరి పేరున ఉన్నాయో ఈ వారం ఒకసారి చూసుకోండి. ఆ మనిషి ఉండగానే పక్కన కూర్చుని రాసుకోండి. అవ్వ పాట మీలో ఎవరైనా ఏ పెళ్లిలోనో, బతుకమ్మలోనో ఫోన్లో తీసి ఉంటే మాకు పంపండి.

వచ్చే మీటింగులో మొదట వినిపించబోయేది చిన్నాయన గొంతు. మైకు సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆయన మాట్లాడిన నాలుగు మాటలు పాత సర్వర్లో దొరికాయి. చిన్నమ్మ వస్తానంది. మీరూ రండి.

మీ రికార్డుల కమిటీ