సంపాతి చూపు

కిష్కింధాకాండలోని సంపాతి కథను నేను పాతికేళ్లుగా తరగతిలో చెబుతున్నాను. సూర్యమండలం దాకా ఎగరాలని అన్నదమ్ములు పందెం వేసుకోవడం, ఎండకు సోలిపోతున్న తమ్ముడు జటాయువుకు సంపాతి తన రెక్కలు అడ్డుపెట్టడం, అవి కాలిపోగా వింధ్యపర్వతంపై కూలడం విని విద్యార్థులు జాలిపడతారు. ఈ మధ్య ఒక కుర్రవాడు మాత్రం లేచి, “రెక్కలు పోయిన పక్షి ఎందుకు సార్?” అన్నాడు. పుస్తకాల అట్టలపై విమానాల బొమ్మలు గీసుకొనే ఆ పిల్లవాడు అంతకు ముందు వారమే అర్ధసంవత్సర పరీక్షలో గణితం తప్పాడు. అతడి ప్రశ్న పక్షిని గురించి కాదని నాకు అర్థమైంది.

అందుకే కథను ఆపి, మన నౌకాదళం కోసం రూపొందించిన ప్రయోగాత్మక తేజస్ యుద్ధవిమానాన్ని గురించి చెప్పాను. నేలమీది విమానానికి పొడవైన రన్‌వే ఉంటుంది. విమానవాహక నౌకపై ఉండేది కొద్దిపాటి దారి. దాని కొస పైకి వంపు తిరిగి, విమానాన్ని ఆకాశంలోకి ఎత్తి పంపుతుంది. దిగేటప్పుడు విమానం తోక కింది కొక్కెం ఓడపై అడ్డంగా కట్టిన ఉక్కుతాడును అందుకోవాలి. ఆ తాకిడికి తట్టుకొనేలా విమానం కాళ్లను బలపరిచారు. పైలట్‌కు ఓడ బాగా కనబడేలా ముక్కును కిందికి వంచారు. తక్కువ వేగంలోనూ అదుపు తప్పకుండా రెక్కల మొదట్లో కదిలే పలకలు అమర్చారు.

2012 ఏప్రిల్ 27న అది తొలిసారి ఎగిరింది. అయితే బలంతోపాటు బరువూ పెరిగింది. నిండు ఇంధనంతో, ఆయుధాలతో ఓడపై నుంచి లేవడానికి ఉన్న ఒక్క ఇంజను శక్తి చాలలేదు. 2016 డిసెంబరులో నౌకాదళం ఆ విమానం తన అవసరాలకు సరిపోదని ప్రకటించింది.

అయినా శాస్త్రజ్ఞులు ప్రయోగాలు మానలేదు. గోవాలో ఓడ పైతలాన్ని పోలిన కట్టడంపై సాధన సాగించారు. 2020 జనవరి 11న కమొడోర్ జైదీప్ మావలంకర్ ఆ విమానాన్ని ఐ.ఎన్.ఎస్. విక్రమాదిత్యపై దించారు. మరునాడు అది అక్కడి నుంచే గాలిలోకి లేచింది. 2023 ఫిబ్రవరి 6న, స్వదేశంలో నిర్మించిన ఐ.ఎన్.ఎస్. విక్రాంత్‌పైనా దిగింది. అది నౌకాదళంలో చేరలేదు. కాని దాని కాళ్లు ఎంత తాకిడిని ఓర్చాయో, కొక్కెం ఎలా పట్టిందో, బరువు ఎక్కడ పెరిగిందో తెలిపే అనుభవం, రెండు ఇంజన్ల నౌకాదళ యుద్ధవిమాన రూపకల్పనకు పునాది అయింది.

అప్పుడు మళ్లీ సంపాతి దగ్గరకు వచ్చాను. సీత జాడ తెలియక సముద్రతీరాన ప్రాణాలు విడవబోయిన వానరులకు దారి చూపినది ఆ రెక్కలు లేని పక్షే. నూరు యోజనాల అవతలి లంకను కొండపై నుంచే చూసి చెప్పింది. రెక్కలు కాలినా దాని చూపు చెదరలేదు. ఓటమి నుంచి మనిషి కాపాడుకోవలసినది ఆ చూపునే.

కుర్రవాడు ఏమీ అనలేదు. సాయంత్రం నేను వెళ్తుంటే, దిద్దిన జవాబుపత్రం చేతబట్టుకొని గణిత అధ్యాపకుని ఎదుట నిలబడి, “ఎక్కడ తప్పానో చూపించండి సార్” అంటున్నాడు.